మర పక్కన గొంతు: ఇండస్ట్రియల్ రాక్ తొలి ఆల్బమ్‌లు

ఇండస్ట్రియల్ రాక్ బృందం తొలి స్టూడియో ఆల్బమ్ చాలాసార్లు బృందమే లేని ఆల్బమ్. ఒకరో ఇద్దరో మనుషులు, ఒక డ్రమ్ మెషీన్, ఒక శాంప్లర్, ఎవరో దయతలిచి ఇచ్చిన రాత్రి వేళలు కూడితే అది తయారవుతుంది. అట్ట మీద బృందం పేరు ఉంటుంది. లోపల డ్రమ్మర్ కూర్చోవాల్సిన చోట మర ఉంటుంది. ఈ శైలిలో ముఖ్యమైన తొలి ఆల్బమ్‌లను వరసగా పెట్టుకుని వింటే శబ్దం వెనక పని వినిపిస్తుంది: మర ఎవరిది, దాని ముందు కూర్చున్న గంటలు ఎవరివి, చివరికి ఆ టేపు ఎవరి సొత్తయింది. సంగీత చరిత్రలు సాధారణంగా కోపం, చీకటి, నిరాశ అనే మూడు మాటలతో ఈ ఆల్బమ్‌లను దాటేస్తాయి. ఆ మాటలు అబద్ధం కావు గానీ, ఈ పాటలు ఎలా పుట్టాయో వాటివల్ల తెలియదు.

ఇండస్ట్రియల్ అంటే కార్ఖానాకు సంబంధించినది అని చెప్పుకుంటే సగం దారి నడిచినట్టే. ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం ఆటోనగర్‌కు వెళ్లి, లారీల పనులు చేసే షెడ్ల ముందు ఓ అరగంట నిలబడితే మిగతా సగం చెవికే తెలుస్తుంది. ఒక షెడ్డులో రేకు మీద సుత్తి పడుతూ ఉంటుంది. కొట్టేవాడి చెయ్యి అలిసేదాకా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం మారదు. పక్క షెడ్డులో గ్రైండర్ ఇనుమును తాకగానే గొంతు దిగుతుంది, పైకి తీయగానే మళ్లీ ఎక్కుతుంది. కంప్రెసర్ ట్యాంకు నిండేదాకా దడదడలాడి, నిండగానే ఒక్క బుస కొట్టి ఆగుతుంది. ఏదీ ఇంకోదాని కోసం ఆగదు. అయినా పది నిమిషాలు గడిచేసరికి చెవి వాటి మధ్య ఒక తాళం కట్టుకుంటుంది. సుత్తి దెబ్బ సమం అవుతుంది, కంప్రెసర్ నిండి ఆగే వ్యవధి ఆవర్తనం అవుతుంది. చెవి తనంతట తాను చేసుకునే ఈ పనిని కావాలని చేసి, దాని పైన గిటారూ మనిషి గొంతూ పెట్టిందే ఇండస్ట్రియల్ రాక్.

ఈ ఆలోచన రాక్ సంగీతం కన్నా పాతది. ఇటలీ చిత్రకారుడు లుయిజి రుస్సోలో 1913లోనే రొదల కళ గురించి ఒక ప్రకటన రాసి, గరగరలు, గర్జనలు పుట్టించే పెట్టెలు తయారుచేశాడు. 1948లో పారిస్ రేడియోలో పియర్ షాఫర్ రైలు చప్పుళ్లను రికార్డు చేసి, ఒకదాని పక్కన ఒకటి కూర్చి సంగీతమన్నాడు. రాక్‌లోకి మాత్రం కార్ఖానా ఒక మనిషి చేతిగుండా వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే టోనీ అయోమీకి 17 ఏళ్ల వయసులో, ఆ కొలువులో చివరి రోజున, కుడిచేతి రెండు వేళ్ల కొసలు మరలో పోయాయి. అతను ఎడమచేతి వాటం గిటారిస్టు కాబట్టి తీగలు నొక్కేది ఆ చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గడానికి సన్నని తీగలు వేసుకున్నాడు, తర్వాత్తర్వాత శ్రుతి కూడా దించాడు. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ నుంచి హెవీ మెటల్ బరువు అని చెప్పుకునేదాని వెనక ఆ మర దెబ్బ ఉంది. అది ఇండస్ట్రియల్ రాక్ కాదు. కానీ ఆ శైలికి కావలసిన గిటారు అక్కడే తయారైంది.

ఇండస్ట్రియల్ అనే పేరు పెట్టింది లండన్‌లోని త్రాబింగ్ గ్రిసిల్. వీళ్లు 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే సొంత కంపెనీ పెట్టారు. హాక్నీలో పాత ఫ్యాక్టరీ భవనంలోని తమ గదికి డెత్ ఫ్యాక్టరీ అని పేరు పెట్టుకున్నారు. 1977 చివర్లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ పేరు ద సెకండ్ యాన్యువల్ రిపోర్ట్, అంటే రెండో వార్షిక నివేదిక. మొదట అచ్చయినవి 785 కాపీలు. కంపెనీ వాటాదారులకు పంపే నివేదికలా దానికి తెల్లని సాదా అట్ట వేశారు. లోపల పాటలని చెప్పుకోదగ్గవి తక్కువ, రొద ఎక్కువ. ఈ ఆల్బమ్‌ను ఇష్టపడి మళ్లీ మళ్లీ వినేవారు కొద్దిమందే ఉంటారు. దాని విలువ వేరే చోట ఉంది: రికార్డు అనేది కూడా కార్ఖానా సరుకేనని అట్ట మీదే ఒప్పుకున్న మొదటి ఆల్బమ్ అది.

ఉక్కుకు పేరుపడ్డ షెఫీల్డ్‌లో కాబరే వోల్టేర్ 1979లో మిక్స్-అప్ తెచ్చింది. స్లొవేనియాలో త్రబోవ్‌ల్యె అనే బొగ్గు గనుల ఊరి నుంచి లైబాక్ వచ్చింది. వీటన్నిటికన్నా దగ్గరగా చూడవలసింది పశ్చిమ బెర్లిన్ బృందం ఐన్‌స్టుర్జెండె నోయ్‌బౌటెన్. కూలుతున్న కొత్త భవనాలు అని దాని అర్థం. వాళ్లలో డ్రమ్స్ వాయించే ఉన్రూ చేతిలో డబ్బు లేక తన డ్రమ్స్ అమ్ముకున్నాడు. కట్టుబడి స్థలాల నుంచి ఇనుప రేకులు, స్ప్రింగులు, గొట్టాలు ఏరుకొచ్చి వాటిమీద కొట్టడం మొదలుపెట్టాడు. 1981లో వచ్చిన తొలి ఆల్బమ్ కొలాప్స్ అట్ట మీద బెర్లిన్ ఒలింపిక్ స్టేడియం ముందు ఆ సామానంతా నేలమీద వరసగా పరిచి ఉంటుంది. కొత్త శబ్దం కోసం సిద్ధాంతాలు రాసినవారికన్నా, డ్రమ్స్ అమ్ముకోవలసి వచ్చిన ఈ కుర్రవాడే ఆ శబ్దానికి దగ్గరగా వెళ్లాడు. ఈ శైలిలో లేమి చేసిన పని చాలా ఉంది.

1980ల మధ్యకు వచ్చేసరికి ఇనుప సామాను మోసుకెళ్లే అవసరం తగ్గింది. 1983లో వచ్చిన మిడి ప్రమాణంతో ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ డ్రమ్ మెషీన్‌తో మాట్లాడగలిగింది. శాంప్లర్ ధర మామూలు స్టూడియోలకు అందుబాటులోకి వచ్చింది. శాంప్లర్ చేసేది చిన్న పని. ఏ చప్పుడునైనా అంకెలుగా మార్చి దాచుకుంటుంది, మీట నొక్కితే తిరిగి పలికిస్తుంది. పై మీట నొక్కితే అదే చప్పుడు సన్నగా, తొందరగా వస్తుంది. కింది మీట నొక్కితే లావుగా, సాగదీసినట్టు వస్తుంది. తలుపు వేసిన చప్పుడును మూడు మెట్లు దించితే కోట తలుపు మూసినట్టుంటుంది. అప్పటి శాంప్లర్లలో మెమరీ తక్కువ కాబట్టి దాచిన చప్పుడు అంచులు కోసుకుపోయి గరుకుగా వినపడేది. ఆ గరుకుతనాన్ని ఇంజనీర్లు లోపమన్నారు, ఈ సంగీతకారులు అదే కావాలన్నారు.

షికాగోలో బిగ్ బ్లాక్ తన డ్రమ్ మెషీన్‌కు రోలాండ్ అని పేరుపెట్టి, బృంద సభ్యుడిగా అట్ట మీద రాసింది. 1986లో వచ్చిన వాళ్ల తొలి పూర్తి ఆల్బమ్ అటమైజర్‌లో గిటార్లు గ్రైండర్‌లా కోస్తాయి, మర మాత్రం ఏ భావమూ లేకుండా కొడుతూ పోతుంది. అదే షికాగో నుంచి వచ్చిన మినిస్ట్రీ కథ వేరు. 1983లో పెద్ద కంపెనీ విడుదల చేసిన తొలి ఆల్బమ్ విత్ సింపతీ నున్నటి సింథ్ పాప్. బృంద నాయకుడు ఆల్ జోర్గెన్సన్ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఆల్బమ్ తనది కాదన్నట్టే మాట్లాడాడు. కంపెనీ ఒత్తిడి వల్లే అది అలా తయారైందన్నాడు. మినిస్ట్రీ ఇండస్ట్రియల్ బృందంగా స్థిరపడింది 1988లో వచ్చిన మూడో ఆల్బమ్‌తో. తొలి ఆల్బమ్ చట్టం దృష్టిలో తొలిదే అయినా, చేసినవాడికి తొలిది కాకపోవచ్చు.

ఈ దారులన్నీ కలిసిన చోటు నైన్ ఇంచ్ నెయిల్స్ తొలి ఆల్బమ్ ప్రెటీ హేట్ మెషీన్. విడుదల 1989 అక్టోబర్ 20. ఆ పేరు వెనక ఉన్నది ఒక్క మనిషి, ట్రెంట్ రెజ్నర్. 1965లో పెన్సిల్వేనియాలోని న్యూ కాసిల్‌లో పుట్టాడు, మెర్సర్ అనే చిన్న ఊళ్లో అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగాడు, చిన్నప్పుడే పియానో శ్రద్ధగా నేర్చాడు. కాలేజీలో కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో చేరి ఏడాదికే మానేశాడు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి కోచింగ్ సెంటర్ల మధ్య పెరిగిన పాఠకుడికి ఆ మానేయడం ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడి నుంచి క్లీవ్‌లాండ్ వెళ్లి రైట్ ట్రాక్ అనే రికార్డింగ్ స్టూడియోలో పనికి కుదిరాడు. ఊడ్చి తుడవడం, రికార్డింగ్ ఇంజనీర్లకు చేతి సాయం, ఇదీ పని. యజమాని బార్ట్ కోస్టర్, ఎవరూ బుక్ చేసుకోని వేళల్లో స్టూడియో వాడుకోమన్నాడు. దానివల్ల తనకు పోయేది టేప్ హెడ్‌ల అరుగుదల ఒక్కటేనని ఆయన తర్వాత చెప్పుకొచ్చాడు.

రెజ్నర్ బృందం కోసం వెతికాడు, తను అనుకున్నట్టు వాయించేవారు దొరకలేదు. దాంతో దాదాపు అన్నీ తనే వాయించి, ఈమ్యాక్స్ శాంప్లర్, మరికొన్ని సింథసైజర్లు, ఒక మెకింటాష్ కంప్యూటర్ కలిపి డెమోలు చేశాడు. వాటిని విని ఒప్పందం చేసుకున్నది టీవీటీ రికార్డ్స్. అంతకుముందు టీవీ సీరియళ్ల టైటిల్ సంగీతాన్ని సంకలనాలుగా అమ్మిన చిన్న కంపెనీ అది. 1989లో ఆ డెమోలు ఆల్బమ్‌గా మారాయి. పేరున్న నిర్మాతలు వేర్వేరు పాటలకు చెయ్యి వేశారు: ఫ్లడ్, జాన్ ఫ్రయర్, ఏడ్రియన్ షెర్వుడ్, కీత్ లబ్లాంక్. పూర్తయిన టేపు విన్న కంపెనీ అధిపతికి అది నచ్చలేదు, పాటల్ని పాడుచేశావన్నాడు. మొత్తం పది పాటలు, 48 నిమిషాలకు పైన.

ఆ పది పాటల్లో మొదటిది హెడ్ లైక్ ఎ హోల్. డబ్బును దేవుడిగా కొలిచే లోకం మీద తిరగబడే పాట. చరణంలో అంతా మరే: సన్నని సింథ్, గట్టి తాళం, అణచుకున్న గొంతు. పల్లవి రాగానే గిటార్లు ఒక్కసారిగా గోడలా లేస్తాయి. మర చరణాన్ని మోస్తుంది, గిటారు పల్లవిని మోస్తుంది, రెంటి మధ్య గొంతు నలుగుతుంది. ఆ తర్వాత ఈ శైలిలో వచ్చిన చాలా బృందాలు ఈ ఒక్క అమరికనే నమ్ముకున్నాయి. రెండో పాట టెరిబుల్ లై దేవుడితో నేరుగా తగువు. దేవుణ్ణి నిలదీసే పాట తెలుగువారికి కొత్త కాదు. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి అడిగిన లెక్కలు అందరికీ తెలుసు. నిందాస్తుతిలో నింద ఎంత ఘాటుగా ఉన్నా వినేవాడున్నాడనే నమ్మకం తెగదు. రెజ్నర్ పాటలో ఆ నమ్మకమే తెగుతున్న చప్పుడు వినిపిస్తుంది. అయినా పిలవడం మాత్రం ఆపడు. ఆ పట్టుదలే ఆ పాట బలం.

సమ్‌థింగ్ ఐ కెన్ నెవర్ హావ్ అనే ఐదో పాటలో డ్రమ్స్ దాదాపు లేవు. పియానో మీద కొన్ని స్వరాలు తిరిగి తిరిగి వస్తాయి, ఎక్కడో దూరంగా మూసిన గోడౌన్‌లో ఇనుము కదిలినట్టు చప్పుళ్లు. మర ఆగిపోయాక కార్ఖానా ఎంత ఖాళీగా ఉంటుందో ఈ పాట చెప్తుంది. ఆల్బమ్ మొత్తంలో మనసుకు ఎక్కువ పట్టేది ఇదే.

రెజ్నర్ పాటల మాటలు తన డైరీ నుంచి తెచ్చుకున్నాడు. అందుకే ఇవి కుర్రతనపు రాతలని కొందరు విమర్శకులు తీసిపారేశారు. ఆ విమర్శ నిలవదు. అప్పటిదాకా ఈ శైలి మాట్లాడింది బయటి లోకం గురించి: యుద్ధం, అధికారం, గుంపు, నియంత్రణ. మర అంటే వ్యవస్థ, మనిషి దాని కింద పడినవాడు. ప్రెటీ హేట్ మెషీన్ మరను మనిషి గదిలోకి తెచ్చింది. ప్రేమ పోగొట్టుకున్న కుర్రవాడి ఏడుపుకు డ్రమ్ మెషీన్ తాళం వేసింది. అదే దాన్ని సొంతం చేసుకునే శ్రోతల్ని తెచ్చిపెట్టింది. అట్ట బొమ్మ కూడా అదే చెప్తుంది. గ్యారీ టాల్పస్ చేసిన ఆ బొమ్మ టర్బైన్ రెక్కల ఫొటో. నిలువుగా సాగదీసేసరికి అది పక్కటెముకల గూడులా కనిపిస్తుంది. మొదటి చూపులో ఎముకలు, తేరిపార చూస్తే ఇనుము.

లోపాలు లేవని కాదు. కొన్ని పాటల్లో సింథ్ శబ్దాలు ఆ కాలపు డిస్కోను దాటి రాలేదు, డ్రమ్స్ పలచగా మోగుతాయి. రెజ్నర్ తన తర్వాతి రికార్డుల్లో కావాలనే ఆ పలచదనాన్ని వదిలించుకున్నాడు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ఆల్బమ్ 75వ స్థానం దాటలేదు. అయినా ఊరూరా కచేరీలు, 1991 లోలాపలూజా సంగీతోత్సవ యాత్ర కలిసి నెమ్మదిగా అమ్మకాలు పెంచాయి. 1992లో ప్లాటినం అయింది, 2003 నాటికి మూడు రెట్ల ప్లాటినం. చిన్న స్వతంత్ర కంపెనీ నుంచి వచ్చిన ఆల్బమ్‌కు ఆ రోజుల్లో ఇది అరుదు.

అమ్మకాలతో పాటే కంపెనీతో గొడవ పెరిగింది. ఒప్పందం ప్రకారం తర్వాతి పాటలు కూడా ఆ కంపెనీవే. రెజ్నర్ వేరే పేర్లతో స్టూడియోలు తీసుకుని, కంపెనీకి తెలియకుండా రికార్డింగ్ చేశాడు. చివరికి ఇంటర్‌స్కోప్ అనే మరో కంపెనీ మధ్యలోకి వచ్చి ఒప్పందం మార్చాక, 1992లో బ్రోకెన్ అనే రికార్డు వచ్చింది. అది మొదటిదానికన్నా ఎన్నో రెట్లు కర్కశం. రాత్రివేళల్లో అప్పనంగా దొరికిన మర ముందు కూర్చున్న రోజుల్లో అతను స్వేచ్ఛగా పనిచేశాడు. లక్షల కాపీలు అమ్ముడైన తర్వాత పని దొంగచాటుగా చేయాల్సి వచ్చింది. తొలి ఆల్బమ్‌ల గురించి ఎవరు మాట్లాడినా ఈ సంగతి దాటేయకూడదు.

ప్రెటీ హేట్ మెషీన్ వచ్చిన శరదృతువులోనే, 1989 నవంబర్‌లో, అయోమీ వేళ్లు పోగొట్టుకున్న బర్మింగ్‌హామ్ నుంచి గాడ్‌ఫ్లెష్ తొలి పూర్తి ఆల్బమ్ స్ట్రీట్‌క్లీనర్ వచ్చింది. జస్టిన్ బ్రాడ్రిక్ గిటారు, గ్రీన్ బేస్, మూడో సభ్యుడి చోట డ్రమ్ మెషీన్. రెజ్నర్ మరను పాటకు లొంగదీస్తే, గాడ్‌ఫ్లెష్ పాటనే మరకు అప్పగించింది. నడక నెమ్మది, బరువు భరించరానిది, పల్లవి కోసం ఎదురుచూసే శ్రోతకు అందులో ఏమీ దొరకదు. పారిశ్రామిక నగరంలో పెరిగినవాడి బెంగను ఇంత నిజాయితీగా వినిపించిన ఆల్బమ్ ఇంకోటి లేదు.

1990లలో తొలి ఆల్బమ్‌లు గుంపుగా వచ్చాయి. 1994లో స్టాబింగ్ వెస్ట్‌వార్డ్, మార్లిన్ మాన్సన్ వచ్చాయి. మాన్సన్ ఆల్బమ్ మొదట ఒక నిర్మాతతో తయారై, నచ్చక, రెజ్నర్ పర్యవేక్షణలో మళ్లీ చేయబడింది. నైన్ ఇంచ్ నెయిల్స్ కచేరీల్లో గిటారు వాయించిన రిచర్డ్ పాట్రిక్ బయటికొచ్చి, ఇంకొకరితో కలిసి 1995లో ఫిల్టర్ పేరిట షార్ట్ బస్ తెచ్చాడు. అదీ ఇద్దరు మనుషులు, ఒక మర. 1999లో స్టాటిక్-ఎక్స్ వచ్చేనాటికి ఈ అమరిక రేడియోకు బాగా అలవాటైపోయింది.

ఆ రోజుల్లో నిజంగా బృందమే చేసిన ఆల్బమ్‌లలో ఒకటి రామ్‌స్టైన్‌ది. తూర్పు జర్మనీలో పెరిగిన ఆరుగురు బెర్లిన్‌లో 1994లో కూడి, 1995 సెప్టెంబర్‌లో హెర్ట్సెలైట్ తెచ్చారు. గుండెకోత అని దాని అర్థం. స్టాక్‌హోమ్‌లో జేకబ్ హెల్నర్ నిర్మాతగా రికార్డు చేశారు. ఇక్కడ డ్రమ్మర్ ఉన్నాడు, కానీ మరలా కొడతాడు. గిటార్లు ఒకే నొక్కుతో కదం తొక్కుతాయి. పెద్ద పువ్వు ముందు చొక్కాల్లేకుండా నిలబడ్డ ఆరుగురి అట్ట బొమ్మ మీద జర్మనీలో దుమారం రేగింది, పాత జాతి గర్వం వాసన వస్తోందన్నారు. బృందం కాదంది, తర్వాత అమెరికా ముద్రణకు వేరే అట్ట వేశారు. 1997లో డేవిడ్ లించ్ సినిమా లాస్ట్ హైవేలో వాళ్ల పాటలు రెండు వినిపించాకే జర్మన్ రాని దేశాలకు వాళ్లు తెలిశారు. ఆ సినిమా పాటల ఆల్బమ్‌కు నిర్మాత రెజ్నర్.

రామ్‌స్టైన్ వల్ల ఒక సంగతి తేలింది: ఈ శైలికి ఇంగ్లీషు తప్పనిసరి కాదు. జర్మన్ మాట హల్లుతో ఠక్కున ముగుస్తుంది, అది తాళం దెబ్బతో కలిసిపోతుంది. అజంత భాష తెలుగుకు ఆ ముగింపు లేదన్న అనుమానం సహజం. కానీ తెలుగు బలం మాట చివర లేదు, మధ్యలో ఉంది. ఉక్కు, సుత్తి, దెబ్బ, రెక్క, చప్పుడు: ప్రతి మాట నడుమ ద్విత్వం దగ్గర నాలుక ఒక క్షణం ఆగి కొడుతుంది. డప్పు కళాకారుల పాటల్లో ఆ ఆగడం మీదే కర్ర దెబ్బ పడుతుంది. వినాయక నిమజ్జనం రోజు సరూర్‌నగర్ చెరువు గట్టు మీద తీన్‌మార్ మోగుతుంటే, వెనక క్రేన్ ఇంజన్ గుర్రుమంటుంటే, విగ్రహాన్ని ఎత్తే గొలుసు బిగుసుకుంటున్న చప్పుడు మధ్య జనం జైకొట్టే ఆ అరుపు ఎంత ఖచ్చితంగా తాళంలో పడుతుందో విన్నవారికి తెలుసు. అక్కడ మర ఉంది, గొంతు ఉంది, రెండూ పండగవి.

తెలుగు నేల మీద ఈ శైలికి పక్కింటి చుట్టాలు హెవీ మెటల్ బృందాలు. ఉక్కు ఫ్యాక్టరీ, ఓడల కర్మాగారం ఉన్న విశాఖపట్నం నుంచి అగైన్‌స్ట్ ఈవిల్ 2018లో ఆల్ హెయిల్ ద కింగ్ అనే తొలి పూర్తి ఆల్బమ్ తెచ్చింది. పాత హెవీ మెటల్ ధోరణిలో, ఏ మొహమాటమూ లేకుండా వాయించిన ఆల్బమ్. హైదరాబాద్ నుంచి గాడ్‌లెస్ రెండు చిన్న రికార్డుల తర్వాత 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ తెచ్చింది. ఇది డెత్ మెటల్, త్రాష్ కలిసిన శైలి. ఈ రెండు బృందాల్లో డ్రమ్స్ మనుషులే వాయిస్తారు, పాటలు ఇంగ్లీషులో ఉంటాయి.

మర పక్షాన తెలుగు చెవిని సిద్ధం చేసింది సినిమా. 1990ల నుంచి ఎ.ఆర్. రెహమాన్ పాటల్లో కంప్యూటర్ తాళం ఇంటింటి సంగతైంది. 2011 ఫిబ్రవరిలో ఆస్కార్ నేపథ్య సంగీతం పోటీలో 127 అవర్స్ సినిమాకు రెహమాన్, ద సోషల్ నెట్‌వర్క్‌కు రెజ్నర్, అట్టికస్ రాస్ ఒకే వరసలో నిలబడ్డారు. బహుమతి రెజ్నర్, రాస్‌లకు వచ్చింది. స్టూడియో నేల ఊడ్చిన కుర్రవాడు చలనచిత్ర సంగీతంలో అంత ఎత్తుకు రావడానికి తొలి ఆల్బమ్ తర్వాత 21 ఏళ్లు పట్టింది.

ఈమ్యాక్స్ చేసిన పనంతా ఇప్పుడు ఒక మామూలు ల్యాప్‌టాప్ చేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో రెండో మంచం మీద కూర్చుని, ఫోన్‌తో మెట్రో రైలు బ్రేకు చప్పుడు రికార్డు చేసి, దాన్ని మూడు మెట్లు దించి, తాళం కట్టవచ్చు. టేప్ హెడ్ అరగదు, యజమాని అనుమతి అక్కర్లేదు. మిగిలింది గొంతు. ఆ గొంతు ఉక్కు, సుత్తి, దెబ్బ అనే మాటల్లో పాడినప్పుడు తాళం ఎక్కడ పడాలో డప్పు ఇప్పటికే చూపించి ఉంచింది.